నడక వేరు, బయల్దేరడం వేరు

ఒకప్పుడు జువాలజీ చదివినవాడి చేతికి బొద్దింక వాసన వుండేది. సబ్బుతో రుద్దినా మధ్యాహ్నం మెస్సులో అన్నం కలిపేటప్పుడు మళ్ళీ తగిలేది. క్లోరోఫారం సీసాలోంచి తీసిన బొద్దింకను మైనపు ట్రేలో బోర్లా పడుకోబెట్టి, రెక్కలు కత్తిరించి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, మునిగేటట్టు నీళ్ళు పోసి, వీపు పలకలు ఒక్కొక్కటే వూడదీసేవాళ్ళం. ఆహారనాళాన్ని ఓపికగా పక్కకు లాగితే అడుగున తెల్లగా, సన్నగా జంట దారంలాంటిది కనిపించేది. దాని మీద అక్కడక్కడ ముడులు. రొమ్ములో మూడు, పొట్టలో ఆరు. తలలో మరి రెండు, ఆహారవాహికకు పైన ఒకటి, కింద ఒకటి. చిన్న నల్లకాగితం ముక్క దారం కిందికి దోపి, డిమాన్‌స్ట్రేటరు గారిని పిలిచి చూపిస్తే ఆయన తల వూపి పక్క బల్లకు వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత రికార్డులో బొమ్మ, బొమ్మకు గీతలు, గీతల చివర పేర్లు. అంతటితో బొద్దింక నాడీవ్యవస్థ "అయిపోయేది".

ఆ ముడులు యేం చేస్తాయని యెవరూ అడగలేదు. మేమూ అడగలేదు. "అధో ఆహారవాహికా నాడీసంధి" అన్న మాటను తప్పుల్లేకుండా రాయడం వచ్చిన రోజున మాకు దాని గూర్చి అంతా తెలిసిందనుకున్నాం.

2014లో యూజీసీ ఆ ప్రాక్టికల్‌కు స్వస్తి చెప్పింది. జంతువులను కోయడం మానేయమని విశ్వవిద్యాలయాలకూ కళాశాలలకూ తెలియజేసింది. దశలవారీగా తగ్గించమని 2011లోనే ఒక మాట అనివుంది. ట్రేలు అటకెక్కాయి. వాటి స్థానంలో గోడ మీదికి చార్టు, బల్ల మీదికి కంప్యూటరు తెర వచ్చాయి. యీ మార్పు మీద పాతకాపులకు కోపం. "కత్తెర పట్టుకోవడం రానివాడు జువాలజిస్టేమిటయ్యా?" అంటారు. యీ కాలపు పిల్లలకు సంతోషం, వాసన తప్పింది గనుక. నా అభిప్రాయం యీ రెంటిలోనూ లేదు. కోయడం పోయినందుకు నాకు విచారం లేదు. ఆ ఖాళీలోకి బతికున్న బొద్దింక రాలేదే అన్నదే విచారం. చచ్చినదాన్ని కోసి పేర్లు పెట్టడం పోయి, అచ్చువేసినదాన్ని చూసి పేర్లు పెట్టడం వచ్చింది. అసలు ప్రశ్న అప్పుడూ రాలేదు, యిప్పుడూ రాలేదు.

ఆ ప్రశ్న చాలా మామూలుది. బొద్దింక యెలా నడుస్తుంది? యెందుకు బయల్దేరుతుంది? యెటు వెళ్ళాలో దానికెలా తెలుస్తుంది? పైకి యివి ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి గాని, మూడూ వేరు వేరు. యీ సంగతి మన పాఠ్యపుస్తకం చెప్పదు, చార్టు చెప్పదు.

ముందు నడక సంగతి. బొద్దింక తన ఆరు కాళ్ళను రెండు ముక్కాలిపీటలుగా పంచుకుంటుంది. ఒక పక్క ముందు, వెనక కాళ్ళూ, రెండో పక్క నడిమి కాలూ ఒక జట్టు. మిగిలిన మూడూ మరో జట్టు. ఒక పీట నేలకు ఆనివుండగా రెండోది గాలిలో ముందుకు జరుగుతుంది. అంచేత యెంత జోరుగా పోయినా తూలి పడదు. మరి యీ తాళం యెవరు వేస్తున్నారు? తల అని మనం తడుముకోకుండా చెప్పేస్తాం, తప్పు. తాళం రొమ్ములోని మూడు ముడులదే.

దీనికి దారి చూపినవాడు డొనాల్డ్ విల్సన్. ఆయన పని నడక మీద కాదు, మిడత యెగరడం మీద. ఒక కదలిక మరో కదలికను రేపుతుందనీ, రెక్క పైకి లేచిన కబురు అందితేనే దించమన్న ఆజ్ఞ వెళ్తుందనీ, అలా గొలుసుకట్టుగా సాగుతుందనీ అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. 1961లో విల్సన్ రెక్కల దగ్గర్నుంచి లోపలికి కబుర్లు మోసే నాడులను కోసేసి చూశాడు. కబురే లేకపోతే తాళం ఆగిపోవాలి కదా? ఆగలేదు. కాస్త నెమ్మదించింది, అంతే. అంటే తాళం నాడీసంధుల్లోనే పుడుతూంది. బయటి కబుర్లు దాన్ని సరిదిద్దుతాయి, వేగం పెంచుతాయి, కాని పుట్టించవు.

మరుసటి యేడు, 1962లో, హారిడ్జ్ అన్న శాస్త్రజ్ఞుడు యింకో అడుగు ముందుకేశాడు. బొద్దింక తల తీసేశాడు. (తల తెగిన బొద్దింక కొన్ని వారాలు బతుకుతుందన్నది పుక్కిటి పురాణం కాదు. అది వొంటి పక్కల రంధ్రాలతో గాలి పీలుస్తుంది, దాని రక్తం మన రక్తంలాగా వొత్తిడితో చిమ్మదు.) ఆ మొండెం కాలు కిందికి జారి ఉప్పునీటికి తగిలినప్పుడల్లా చిన్న కరెంటు షాకు తగిలేట్టు అమర్చాడు. ముప్పావుగంట గడిచేలోగా ఆ కాలు నీటికి తగలకుండా పైకెత్తి పట్టుకోవడం నేర్చుకుంది. తల లేకుండా నేర్చుకుంది! పరీక్ష ముందురాత్రి హాస్టలులో తల వుండి కూడా మేం నేర్చుకున్నదాంతో పోల్చుకుంటే యిది తక్కువదేమీ కాదు.

నడక రొమ్ముదైతే, నేర్చుకోవడం కూడా కొంత రొమ్ముదే అయితే, మరి తల యెందుకు?

యీ ప్రశ్నకు వచ్చిన మొదటి జవాబే విడ్డూరంగా వుంది. ముంజేతులు జోడించి దణ్ణం పెడుతున్నట్టు కూర్చునే మాంటిస్ వుంది చూశారూ, మా వైపు దాన్ని గొల్లభామ అంటారు, దాని మెదడును అమెరికాలో కెన్నెత్ రోడర్ తీసేశాడు. అది 1937 నాటి మాట. మెదడు పోతే నడక తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. గంటల తరబడి కదలకుండా మాటు వేసి కూర్చునే జీవి ఆపకుండా నడవడం మొదలుపెట్టింది. బొద్దింకలోనూ యింతే. పైముడిని, అంటే మెదడును, తీసేసి కిందిముడిని వుంచితే అవసరం లేకపోయినా నడుస్తూనే వుంటుంది. కిందిముడి పనిచేయకుండా చేస్తే తనంతట తాను బయల్దేరడం దాదాపు పోతుంది. అయినా పొడిస్తే కదులుతుంది. తాళం యెక్కడికీ పోలేదు మరి.

కాళ్ళ తాళం రొమ్ముది. "పద" అని తోసేది తలలో కిందిముడి. "ఆగు, యిటు తిరుగు" అనేది పైముడి. మెదడంటే ఆజ్ఞలిచ్చే దొర అని మనకో నమ్మకం వుంది. కీటకం దగ్గర మెదడు చాలామట్టుకు పగ్గం పట్టుకున్న బండివాడు. యెడ్లకు నడవడం అతను నేర్పలేదు.

రికార్డు పుస్తకంలో "అధో ఆహారవాహికా నాడీసంధి" అని మేం గీత గీసి వదిలేసినది, బయల్దేరడమనే పనికి మూలస్థానం. గీత చివర ఆ ఒక్క ముక్క రాసివుంటే యెంత బాగుండేది!

యీ సంగతిని శాస్త్రజ్ఞులకంటే ఎన్నో యుగాల ముందే కనిపెట్టిన జీవి ఒకటుంది. పచ్చలరాయిలా మెరిసే ఒక కందిరీగ. దాని శాస్త్రీయనామం ఆంపులెక్స్ కంప్రెస్సా. మన దేశంలోనూ వుంది. ఆడ కందిరీగ తనకంటే చాలా పెద్దదైన బొద్దింక మీద దూకి రెండుసార్లు కుడుతుంది. మొదటి కాటు రొమ్ములో. దాంతో ముందుకాళ్ళు రెండు మూడు నిమిషాలు పట్టు తప్పుతాయి. ఆ సందులో మెడ దగ్గర ముల్లు దించి, తిన్నగా తలలోని ముడులను వెతికి, అక్కడ విషం వదులుతుంది. యిది వూహ కాదు. యిజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ లిబర్సాట్ బృందం కందిరీగ విషానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి, అది పడిన చోటు సరిగ్గా తలలోని ముడులేనని 2003లో చూపించింది.

కుట్టించుకున్న బొద్దింక చావదు. పక్షవాతమూ రాదు. మొదట ఓ అరగంట మీసాలూ కాళ్ళూ శుభ్రం చేసుకుంటూ కూర్చుంటుంది. తర్వాత కదలదు. కదలలేక కాదు. వెల్లకిలా తిప్పితే మళ్ళీ బోర్లా పడుతుంది. నీళ్ళలో వేస్తే యీదడం మొదలుపెడుతుంది, కాని మామూలు బొద్దింక యీదుతూ వుండగానే యిది మానేస్తుంది. కాళ్ళున్నాయి, తాళముంది, బలముంది. బయల్దేరాలన్న తోపు ఒక్కటే పోయింది. అప్పుడు కందిరీగ దాని మీసాలను కొంతమేర కొరికి, మిగిలిన మొదలు పట్టుకుని, ముకుతాడు పట్టిన యెద్దును నడిపించినట్టు తన కన్నానికి నడిపించుకుపోతుంది. బొద్దింక తన కాళ్ళతో తానే నడిచి వెళ్తుంది. కందిరీగ దాని కాలి మీద ఒక గుడ్డు పెట్టి, కన్నానికి చిన్న చిన్న రాళ్ళు అడ్డుపెట్టి, వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు బొద్దింకను బతికివుండగానే తింటుంది. కొన్ని వారాల తర్వాత ఆ కన్నంలోంచి కొత్త కందిరీగ వస్తుంది.

మనవాళ్ళు "భ్రమరకీటక న్యాయం" అన్నది యిలాంటి దృశ్యం చూసే కాబోలు. భ్రమరం కీటకాన్ని గూటిలో పెట్టి మూస్తుంది, కీటకం భ్రమరాన్నే ధ్యానిస్తూ చివరకు భ్రమరమైపోతుంది అని వేదాంతులు ఉదాహరించేవారు. లోపలికి కీటకం వెళ్ళడం చూశారు, బయటికి భ్రమరం రావడం చూశారు. మధ్యలో గుడ్డును చూడలేదు. వాళ్ళను నేను తప్పు పట్టను. చూడడమైనా చూశారు. చార్టు ముందు కూర్చున్న మనం ఆ మాత్రమూ చూడలేదు.

విషం తగిలిన బొద్దింకను పట్టుకుని యీ చదువు మీద పోలిక చెప్పాలని నోటిదాకా వస్తూంది గాని, సావనీరులో అధ్యాపకులు కూడా చదువుతారు, మానేస్తున్నాను.

యిక అన్వేషణ. కొత్తచోట వదిలిన బొద్దింకను పది నిమిషాలు చూడండి. ముందు గోడ పట్టుకుంటుంది. ఒక మీసం గోడకు ఆన్చి, గోడ వొంపు తిరిగితే తానూ తిరుగుతూ, అంచువెంట పోతుంది. మధ్యలో ఆగుతుంది. రెండు మీసాలూ చెరోవైపు తిప్పి మళ్ళీ కదులుతుంది. దారికి అడ్డంగా చిన్న పలక వుంటే, మీసం దాని పైన తగిలిందా, కింద తగిలిందా అన్నదాన్ని బట్టి యెక్కి దాటడమో, కిందనుంచి దూరడమో చేస్తుంది. వెలుతురు యెక్కువైతే దూరడానికే మొగ్గుతుంది. అమెరికాలో రాయ్ రిట్జ్‌మాన్ ప్రయోగశాలలో యిదంతా యేళ్ళ తరబడి చూశారు. బొద్దింక మెదడు నడిమిభాగంలో, సెంట్రల్ కాంప్లెక్స్ అన్నచోట, కొన్ని నాడీకణాలు బొద్దింక మలుపు తిరగబోయే ముందే చురుకవుతాయనీ, ఆ చోటును రేపితే అదే తీరు మలుపు తిరుగుతుందనీ 2015లో తేల్చారు.

మీసాలంటే వాసన చూడడానికీ తడమడానికీ మాత్రమే అనుకునే రోజులు పోయాయి. సంజయ్ సానే, సహచరులు 2007లో ఒక జాతి శలభం మీసాలు కత్తిరించి చూస్తే, అది గాలిలో నిలదొక్కుకోలేక గోడలకు కొట్టుకుంది. ఆ మీసాలనే జిగురుతో తిరిగి అంటిస్తే మళ్ళీ సరిగ్గా యెగిరింది! సానే గారు తర్వాత బెంగళూరు ఎన్.సి.బి.ఎస్.లో కీటకాల యెగురుడు మీదే పనిచేస్తూ వచ్చారు.

2015లోనే యోహానెస్ సీలిగ్, వివేక్ జయరామన్ అరటిపళ్ళ మీద ముసిరే చిన్న యీగలో యింకా చిత్రమైనది చూపారు. యీగను కదలకుండా పట్టి, కాళ్ళ కింద గాలిలో తేలే బంతి పెట్టి, అది నడుస్తూండగా మైక్రోస్కోపుతో మెదడులోకి చూశారు. మెదడు నడుమ ఉంగరంలాంటి భాగం వుంది. అందులో ఒకచోట మాత్రం నాడీకణాలు చురుగ్గా వుంటాయి. యీగ తిరిగితే ఆ చురుకైన చోటు కూడా ఉంగరం వెంట జరుగుతుంది, గడియారం ముల్లులా. దీపాలార్పినా కొంతసేపు తన మలుపులను లెక్కపెట్టుకుంటూ జరుగుతూనే వుంటుంది. గసగసాల గింజంత తలలో దిక్సూచి!

2024లో ఆ యీగ మెదడు మొత్తానికి పటం వచ్చింది. 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య అయిదు కోట్ల పైచిలుకు కూడళ్ళు. నన్ను ఆపిన అంకె మాత్రం యిది కాదు. యింత మెదడు నుంచి రొమ్ములోని నాడీదండానికి దిగే కణాలు సుమారు 1,300 మాత్రమే. ఆ యిరుకు సందులోంచే "పద", "ఆగు", "యిటు" అన్నవన్నీ కాళ్ళకు చేరాలి. కాళ్ళకు నడక ముందే వచ్చు కాబట్టే అవి చాలుతున్నాయి.

ట్యునీసియా ఎడారి చీమ కథ కూడా చెప్పకుండా వుండలేను. తిండికోసం వంకరటింకరగా తిరిగి, దొరకగానే తిన్నగా పుట్టకు వచ్చే చీమ అది. దూరం యెలా కొలుస్తుంది? 2006లో విట్లింగర్, వేనర్, వోల్ఫ్ పుట్టనుంచి తిండికి పది మీటర్లు నడిచి వచ్చిన చీమల కాళ్ళకు పందివెంట్రుకలు అంటించి మరుగుజ్జు కర్రలు కట్టినట్టు పొడుగు చేశారు. తిరుగుదారిలో ఆ చీమలు పది దాటి పదిహేను మీటర్ల దాకా పోయి అక్కడ పుట్టకోసం వెతుక్కున్నాయి. కాళ్ళు పొట్టి చేసినవి ఆరు మీటర్ల లోపే ఆగి వెతుక్కున్నాయి. అవి దూరాన్ని అడుగులతో కొలుస్తాయన్నమాట.

"యివన్నీ అమెరికాలో, యూరపులో చేసుకునే పనులు. మనకెందుకు?" అనే పెద్దమనుషులు మన స్టాఫ్‌రూముల్లో వుంటారు. మొదటి మాట, మనకు కొత్తవి కావు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కె. పంపాపతిరావు, ఆయన శిష్యులు 1960ల్లోనే తేలు మీద, అది రాత్రి తిరిగి పగలు పడివుండే లయ మీద పనిచేశారు. తేలు కీటకం కాదు, యెనిమిది కాళ్ళది. కాని అడిగిన ప్రశ్న యిదే కుటుంబానిది: జీవి యెప్పుడు బయల్దేరుతుంది, యెందుకు?

రెండో మాట యింకా దగ్గరిది. మన పత్తి చేల మీద, మిరప చేల మీద చల్లే మందుల్లో చాలామట్టుకు కీటకాల నాడీవ్యవస్థ మీద పనిచేసేవే. ఇమిడాక్లోప్రిడ్ అన్న పేరు గుంటూరు మిరప రైతుకు మన విద్యార్థికంటే బాగా తెలుసు. నాడీకణం నుంచి నాడీకణానికి కబురందే చోట ఆ జాతి మందులు కూర్చుంటాయి. యెక్కువైతే కీటకం చస్తుంది. తక్కువైతే? ఆ జాతి మందుల్లో థయామిథాక్సామ్ ఒకటి. దాన్ని చంపనంత మోతాదులో తేనెటీగలకు తాగించి, వీపు మీద చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు అంటించి ఫ్రాన్సులో వదిలారు. మామూలు యీగలకంటే యెక్కువ యీగలు గూటికి తిరిగి రాలేదు. చావలేదు, దారి తప్పాయి. ఆ ఫలితం 2012లో వచ్చింది. 2018లో యూరోపియన్ యూనియన్ ఆ జాతి మందులు మూడింటిని ఆరుబయట వాడకుండా నిషేధించింది, ఇమిడాక్లోప్రిడ్ అందులో ఒకటి. చచ్చిన యీగలను లెక్కపెట్టడం సులువు. దారి తప్పిన యీగను కనిపెట్టాలంటే, దారి తెలిసిన యీగ యెలా పోతుందో ముందు యెవరైనా చూసివుండాలి. మన చేల దగ్గర ఆ పని చేయవలసినవాళ్ళు మన బి.యస్సీ. జువాలజీ పిల్లలు కాకపోతే యింకెవరు?

అంచేత నేను కోరేది చిన్నది. ప్రాక్టికల్ పరీక్షలో "బొద్దింక నాడీవ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించుము" అన్న ప్రశ్న వుండనీండి, పక్కన యింకొకటి చేర్చండి: "యీ టబ్బులోని బొద్దింకను పావుగంట చూసి, చూసింది రాయుము." జవాబుపత్రం దిద్దడం కష్టమంటారు. నిజమే, కష్టమే. యిద్దరు పిల్లలు ఒకేలా రాయరు. బొద్దింక కూడా రెండుసార్లు ఒకేలా తిరగదు. చెయ్యి తిరగడం పోతుందనే పాతకాపుల బాధ కూడా నాకు అర్థమవుతుంది. నీళ్ళ అడుగున ఆ తెల్లదారం మొదటిసారి మెరిసినప్పుడు నాకూ వొళ్ళు జలదరించింది. కాని ఆ దారం యేం చేస్తూందో చూడాలంటే, అది బొద్దింక లోపలే వుండాలి.

ఖర్చు లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, కింద గళ్ళకాగితం. వంటింటి తూము దగ్గర రాత్రిపూట దొరికే బొద్దింక. దాని దారిని గళ్ళకాగితం లాంటిదే యింకొకదాని మీద నిమిషానికొక రంగు పెన్సిలుతో గీయొచ్చు. సెల్‌ఫోన్లలో నెమ్మదిగా చూపించే వీడియో వుంటుంది కదా, ముక్కాలిపీటల నడక అందులో స్పష్టంగా కనిపిస్తుంది. వెనకనుంచి సన్నని గొట్టంతో వూదండి. తోక దగ్గర సెర్సై మీది వెంట్రుకలకు గాలి తగిలిన సెకనులో యిరవయ్యో వంతులో అది మలుపు తీసుకుంటుంది. యెటు వూదితే యెటు తిరిగిందో రాసుకోండి. పలక అడ్డం పెట్టండి. లైటు ఆర్పి చూడండి. అయిపోయాక దొరికినచోటే వదిలేయండి.

టబ్బు అంచు లోపలివైపు చుట్టూ వాసలీను రాయడం మాత్రం మరిచిపోకండి. మేం ఒకసారి మరిచిపోయాం. ఆ సాయంత్రం బొద్దింక యెటు బయల్దేరిందో మాకు తెలియలేదు గాని, మర్నాడు పొద్దున్న కెమిస్ట్రీవాళ్ళు వచ్చి చెప్పారు.